డాక్టరు యలవర్తి నాయుడమ్మగారి జీవితము

దేశమునకు కీర్తి తెచ్చినవారిని పేర్కొనవలసి వచ్చినపుడు మనము సామాన్యముగా రాజులను, కవులను, దేశభక్తులను దలచుకొందుము. తోళ్లు పదును చేయు లందలయొద్ద నిలిచి, ఆ ముక్కు మూసుకొనదగిన తావున శాస్త్రసత్యమును వెదకి, అందు పాటుపడు శ్రమజీవులకు గౌరవమును సంపాదింప జూచిన యొక యాంధ్రుడు కూడ ఆ వరుసలో నిలువదగినవాడని పలువురకు తోపదు. ఆయనయే డాక్టరు యలవర్తి నాయుడమ్మగారు. పేరు వినినంతనే స్త్రీయని భ్రమపడు బాలురు గలరు కాబట్టి, ఆయన పురుషుడని మొదటనే చెప్పుట మంచిది.

మన రాజంపేట ప్రాంతమువారు ఆయన చరితమును చదువుటకు వేరొక హేతువు గలదు. శేషాచలపు కొండల యడుగున, చెయ్యేటి పరిసరములయందు, వానలు చాలని భూములలో గొఱ్ఱెలు, మేకలు అనేక కుటుంబములకు జీవనాధారము. బీళ్లలో పచ్చని పూలు పూయు తంగేడు ఎవరును నాటకుండగనే పెరుగును. ఆ తంగేటి చెక్కయే దక్షిణదేశమున తరతరములుగా తోళ్లను పదును చేయుటకు వాడిన ముఖ్యద్రవ్యము. బావులనుండి కపిలలతో నీరు తోడిన దినములలో వాని తోలుసామానును, రైతు కాలి చెప్పులును, జాతరలో మ్రోగు డప్పులును తోలుపనివారి చేతులనుండియే వచ్చెను. అయినను వారు చేసిన వస్తువును ఇంటిలోనికి రానిచ్చిన ఊరు, వారిని మాత్రము వెలుపలనే నిలిపెను. ఈ యన్యాయమునకును, నాయుడమ్మగారి శాస్త్రమునకును గల సంబంధమేమో ఈ వ్యాసమున చూతము.

నాయుడమ్మగారు 1922 వ సంవత్సరము సెప్టెంబరు 10 వ తేదీన, అప్పటి గుంటూరు మండలమున తెనాలికి సమీపముననున్న యలవర్రు గ్రామమున, వ్యవసాయదారుల కుటుంబమున జన్మించిరి. ఊరిబడిలో ప్రాథమిక విద్య ముగించి, గుంటూరులోని ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివి, పిమ్మట కాశీ హిందూ విశ్వవిద్యాలయమున రసాయనిక పరిశ్రమల శాస్త్రమున పట్టము పొందిరి. అట్టి పట్టము గలవానికి ఆ కాలమున చక్కెర, సబ్బు, రంగులు, మందులు మొదలగు పరిశ్రమలలో మర్యాదగల ఉద్యోగములు దొరకుట కష్టము కాదు. కాని ఆయన మదరాసు చేరి, తోళ్ల పరిశ్రమను బోధించు విద్యాలయమున ప్రవేశించిరి.

ఈ నిర్ణయము చిన్నదని తలపరాదు. భూవసతి గల కాపుబిడ్డ, పొలము దున్నినను, కచేరిలో గుమాస్తాయైనను లోకము మెచ్చును. పచ్చితోలును చేతితో ముట్టి, సున్నపు తొట్టిలో ముంచి, వెండ్రుకలు గీకి, మాంసపు పొరలు తీయు పనిని కోరి నేర్చుకొనుట ఆనాటి సంఘమునకు వింతగా నుండెను. నాయుడమ్మగారు ఆ పనిని ముట్టరానిదిగా గాక, తెలిసికొనవలసినదిగా చూచిరి. తరువాత అమెరికాకు పోయి, పెన్సిల్వేనియా రాష్ట్రములోని లీహై విశ్వవిద్యాలయమున తోలు రసాయనశాస్త్రమును అభ్యసించి డాక్టరు పట్టము గొనిరి. స్వదేశమునకు మరలి వచ్చి, 1948 లో మదరాసున స్థాపింపబడిన కేంద్ర తోళ్ల పరిశోధనాలయమున పని చేయుచు, దానితోనే తమ పేరును పెనవేసికొనిరి.

ఆయన దేనిని పరిశోధించిరో తెలియవలెనన్నచో తోలనగా నేమో ముందు తెలియవలెను. పైకి చూచిన నది యొక పలుచని పరపు. సూక్ష్మదర్శినిలో చూచిన నది వేలకొలది నారలు ఒకదానిలో నొకటి చిక్కుకొనిన అల్లిక. ఆ నారల మూలపదార్థమునకు కొల్లాజెను అని పేరు. ఇది ప్రకృతి చేసిన పాలిమరు. పాలిమరనగా చిన్న చిన్న అణుభాగములు, పూసలదండవలె, ఒకదానివెంట నొకటి కూడి యేర్పడిన దీర్ఘమైన గొలుసు. దూదిలోని సెల్యులోసు, పట్టు, ఉన్ని, రబ్బరు, నేటి ప్లాస్టిక్కులు అన్నియు నీ జాతివే. కొల్లాజెను గొలుసునందు వేయికి పైగా అమైనో ఆమ్లపు పూసలుండును. అందు ప్రతి మూడవ పూసయు గ్లైసీను, అనగా అన్నింటికంటె చిన్నది.

ఆ చిన్న పూసయొక్క ప్రయోజనము 1954 లో మదరాసునందే బయటపడెను. మదరాసు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యులైన జి. ఎన్. రామచంద్రన్ గారు, నాయుడమ్మగారు పుట్టిన 1922 లోనే పుట్టినవారు. ఆయనయు, సహాయకులైన గోపీనాథ కర్తాగారును కొల్లాజెను నిర్మాణమును ఎక్స్ కిరణములతో పరీక్షింప బూనిరి. విశ్వవిద్యాలయమునకు ఇరుగుపొరుగుననే తోళ్ల పరిశోధనాలయ ముండుటచేత, వారికి కావలసిన శుద్ధమైన నార, కంగారు తోకలోని స్నాయువు, అచ్చటనే లభించెను. ఆ నారలో మూడు గొలుసులు త్రాటి పురులవలె మెలివేసికొని యున్నవని రామచంద్రన్ గారు నిరూపించిరి. మూడు పురులు కలియు నడిమిచోటు మిక్కిలి యిరుకు. గ్లైసీను తప్ప పెద్ద పూస యచ్చట పట్టదు. ఈ మూడు పురుల త్రాడు పొడవు మీటరులో వందకోట్ల వంతులు 300 మాత్రమే. మిల్లీమీటరు నిడివికి మూడువేలకు పైగా త్రాళ్లు కొసకు కొస చేర్చవలెను. ఇట్టి త్రాళ్లు ప్రక్కప్రక్కన క్రమముగా పేర్చబడి యుండుటచేత కొల్లాజెను నారకు స్ఫటికమునకు వలె క్రమనిర్మాణము గలదు.

ఇట నొక ముఖ్యవిషయము గమనింపుడు. ఉప్పు, పటిక వంటి పదార్థములు ఎచ్చట స్ఫటికమైనను తమ క్రమమును తామే కూర్చుకొనును. పాలిమరులు అట్లు కావు. వాని గొలుసులు దీర్ఘములు, చిక్కుపడు స్వభావము గలవి. వానికి క్రమములోనికి వచ్చుటకు వ్యవధి కావలెను, తగిన చల్లదనము కావలెను, కదలుటకు కొంత నీరో వేడిమియో కావలెను, ఒక దిక్కునకు లాగు బలమున్నచో మరియు మేలు. ఈ నాలుగింటిలో ఏది మారినను, పదార్థ మదియే యైనను, దానితో చేసిన పొర మారిపోవును. ఒకే ద్రవ్యము మెత్తన గావచ్చును, పెళుసు గావచ్చును, పారదర్శకము గావచ్చును, తెల్లని ముద్ద గావచ్చును. ద్రవ్యమేది యను ప్రశ్నతో తృప్తిపడక, దానిని ఎట్లు నడిపితిమి యను ప్రశ్న నడుగుటయే తోలు శాస్త్రమునకు ప్రాణము.

దీనికి జెలటిను మంచి యుదాహరణము. తోలును, ఎముకలను నీటితో కాచగా కొల్లాజెను త్రాటి పురులు విడిపోయి, గొలుసులు విడివిడిగా నీటిలో తేలును. అదియే జెలటిను. చల్లార్చినచో గొలుసులు తమ పూర్వస్థితిని కొంత జ్ఞప్తికి దెచ్చుకొనినట్లు, అచ్చటచ్చట మూడేసి కలిసి మరల మెలివేసికొనును, ద్రవము గడ్డకట్టును. ఆ గడ్డను పలుచగా పరచి చల్లని గాలిలో మెల్లగా ఆరబెట్టినచో ఏర్పడు పొరలో పురులు నిలిచియుండును. ఎక్స్ కిరణములు దానిలో కొల్లాజెను క్రమమును చూపును. అదే ద్రవమును గడ్డకట్టనీయక, 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలోనే ఉంచి యారబెట్టినచో, గొలుసులు మెలివేసికొనుటకు అవకాశము లేక, చిక్కుపడిన స్థితిలోనే ఎండిపోవును. ఎక్స్ కిరణములకు అందు క్రమము కానరాదు. మొదటి పొర దృఢముగా నుండును, రెండవది పెళుసు. ద్రవ్యము ఒకటే, తూకము ఒకటే, పాత్ర ఒకటే. ఆరబెట్టిన వేడిమి మాత్రము వేఱు.

మన వేసవి సంగతి అందరకు తెలిసినదే. వైశాఖ జ్యేష్ఠములలో ఎండ 40 డిగ్రీలు దాటును. జెలటిను గడ్డ 30 డిగ్రీలు దాటిన కొలదికే కరగ నారంభించును. కావున మే నెలలో ఆరుబయట పోసిన జెలటిను గడ్డకట్టక నీరుగానే యెండును. చలికాలమున రాత్రి పోసినచో గడ్డకట్టి యెండును. పూర్వము పశుచర్మముల బంకను పలకలుగా ఆరబెట్టువారు చల్లని ఋతువును కోరుటకు కారణ మిదియే. వారికి పురుల మాట తెలియదు, ఫలితము తెలియును. శాస్త్రము చేసినది ఆ ఫలితమునకు హేతువును చెప్పుట.

ఇక లాగుటయందలి మహిమ వినుడు. తడిసి మెత్తనైన జెలటిను పొరను ఒక దిక్కునకు సాగదీసి, ఆ బిగువు వదలకుండగనే ఆరనిచ్చినచో, అడ్డదిడ్డముగా నుండిన పురులు లాగిన దిక్కునకు తిరిగి వరుస తీరును. సాగదీయని పొరగుండ పోయిన ఎక్స్ కిరణములు ఫలకముపై పూర్ణవలయములను గీయును. సాగదీసిన పొర వలయములను తెంపి, కొల్లాజెను నారవలెనే చిన్న చాపములను గీయును. పొర లాగిన దిక్కున బలపడును.

ఈ సత్యమును మన ప్రాంతపు కళాకారులు చిరకాలమునుండి చేతితో నెఱుగుదురు. డప్పు వాయించువారు వాయించుటకు ముందు దానిని మంటకు చూపుదురు. డప్పునకు బిగించినది పదును చేయని తోలు. అది గాలిలోని తేమను పీల్చి సడలును, సెగ తగిలిన తేమ పోయి, పురులు దగ్గరకు చేరి బిగియును, శబ్దము పెరుగును. తేమ యెక్కువైన కొలది కొల్లాజెను పురుల నడిమి దూరము పెరుగుననియు, ఆరిన కొలది తగ్గుననియు ఎక్స్ కిరణములు కొలిచి చూపినవి. ధర్మవరమునకు సమీపముననున్న నిమ్మలకుంట తోలుబొమ్మలకు ప్రసిద్ధి. ఆ బొమ్మల తోలు దీపపు వెలుగును తనగుండ పోనిచ్చును. చెప్పు తోలు అట్లు పోనీయదేమి? బొమ్మల తోలును వెండ్రుకలు తీసి, పలుచగా గీకి, బిగియలాగి ఆరబెట్టుటచేత నారలు చదునుగా పరచుకొని, వాని నడుమ గాలి సందులు మిగులవు. వెలుగు చెదరక లోనికి పోవును. పదును చేసిన తోలులో నారలు విడివిడిగా నిలిచి, సందులలో గాలి నిండియుండును. అందుచేత వెలుగు చెదరిపోవును.

నాయుడమ్మగారి దృష్టి యంతయు ఈ రెండు జ్ఞానములను, అనగా చేతి జ్ఞానమును ప్రయోగశాల జ్ఞానమును, ఒకచోట చేర్చుటయందే యుండెను. దేశమున అపారముగా తోళ్లు లభించుచుండినను, వాని విలువలో కొంత తోలు ఒలుచుటయందును, ఆరబెట్టుటయందును నశించుచుండెను. ఒలిచిన పచ్చితోలును ఎండకు కాగిన బండపై పరచినచో ఏమగును? పైపొర వేగముగా నెండి గట్టిపడి, లోని తేమను వెలికి పోనీయదు. లోపల తడియు వేడియు కలియును. తడిసియున్న కొల్లాజెను సుమారు 60 నుండి 65 డిగ్రీల వేడికే పురులు విడి, తన నిడివిలో మూడవ వంతు వఱకు ముడుచుకొనును. కుళ్లు ప్రారంభమైన తోలు అంతకంటె తక్కువ వేడికే చెడును. పైకి ఆ తోలు బాగుగనే కానవచ్చును. వ్యాపారి దానిని కొనును. నానబెట్టినపుడు మాత్రము చెడిన భాగము బంకయై కరగి, తోలున బొబ్బలును రంధ్రములును బయలుదేరును. నష్టము తిరిగి తిరిగి ఒలిచిన పేదవాని ధరపైననే పడును.

దీనికి చికిత్స ఖర్చుతో కూడినది కాదు. తోలును నేలపై గాక, కఱ్ఱచట్రమునకో దండెమునకో కట్టి, నీడను, గాలి యాడుచోట ఆరబెట్టవలెను. లేనిచో వెంటనే ఉప్పు పట్టించవలెను. బాగుగా ఎండిన పిమ్మట కొల్లాజెను నూరు డిగ్రీలకు పైబడిన వేడిని గూడ ఓర్చును. తడిలోనే దానికి ప్రాణగండము. ముందు నీడ, పిదప ఎండ యను నీ చిన్న క్రమము వందల తోళ్లను కాపాడగలదు. ఇట్టి సంగతులను గ్రంథములలో దాచక పల్లెలకు చేర్చవలెనని నాయుడమ్మగారు పట్టుబట్టిరి.

పదును చేయుటయనగా నేమో ఇపుడు సులభముగా తెలియును. తంగేటి చెక్కలోను, కరక్కాయలోను టానిను అను వగరు పదార్థము గలదు. అది కొల్లాజెను పురుల నడుమ చేరి, వానిని ఒకదానితో నొకటి కట్టివేయును. అట్లు కట్టబడిన తోలు నీటిలో 75 నుండి 85 డిగ్రీల వఱకు ముడుచుకొనదు. క్రోమియము లవణములతో పదును చేసిన తోలు మరుగునీటికి కూడ తట్టుకొనగలదు. కావున తోలు ముక్కను నీటిలో వేసి మెల్లగా కాచి, అది ఎపుడు ముడుచుకొనునో చూచినచో పదును ఎంత పట్టినదో తెలిసిపోవును. ఇచ్చటను క్రమమే ప్రధానము. చెక్కరసము మొదటనే చిక్కగా పోసినచో పైపొర గట్టిపడి లోపల పచ్చిగా మిగులును. పలుచని రసముతో మొదలిడి దినదినము చిక్కపఱచిన లోతునకు దిగును. మన లందలలో పెద్దలు పాటించిన పద్ధతియు నిదియే.

ఈ నియమము తోలుతోనే ముగియదు. నేడు మన యింట బిస్కత్తుల పొట్లము మొదలు గాలిపటము వఱకు కనబడు ప్లాస్టిక్కు పొరలన్నియు ఇట్లే తయారగును. పాలియెస్టరును కరగించి వేగముగా చల్లార్చినచో గాజువలె తేటగా నుండును, మెల్లగా చల్లార్చినచో స్ఫటికములు పెరిగి పాలవలె తెల్లనగును. తేటగా నున్న దానినే 80 డిగ్రీలకు మించిన వేడిలో మెత్తపఱచి, నిలువునను అడ్డమునను మూడు రెట్లకు పైగా సాగదీసి, బిగువు సడలక 200 డిగ్రీల ప్రాంతమున కాచినచో, తేటదనము పోకుండగనే మిక్కిలి బలమైన పొర యగును. కాచుట, చల్లార్చుట, లాగుట, నిలుపుట అను నీ నాలుగు పనులు కోట్ల రూపాయల యంత్రములు చేయుచున్నవి. తోలును సాగదీసి బిగించి ఆరబెట్టు పనివాడును ఆ నాలుగు పనులనే చేయుచుండెను. ఒకరికి యంత్రజ్ఞుడని పేరు, రెండవవానికి ఆ పేరు లేకపోయెను.

1958 లో నాయుడమ్మగారు తోళ్ల పరిశోధనాలయమునకు డైరెక్టరైరి. 1971 వఱకు ఆ పదవియందుండిరి. ఆ పదుమూడేండ్లలో అది ప్రపంచములోని పెద్ద తోళ్ల పరిశోధనాలయములలో నొకటిగా పేరొందెను. 1960 నవంబరులో కొల్లాజెనుగూర్చి మదరాసున విద్వద్గోష్ఠి జరిగెను. అచ్చటి ప్రసంగములు తరువాత గ్రంథముగా వెలువడి పండితలోకమున ఆదరము పొందెను. మఱియొక ప్రక్క పరిశోధనాలయపు శాఖలు ఉత్తరదేశపు తోళ్ల పట్టణములలో నెలకొని, చిన్న పనివారికి మెలకువలు నేర్పెను. పండితుల గోష్ఠియు, పనివాని లందయు ఒకే సంస్థకు రెండు వాకిళ్లుగా నుండుట ఆయన పాలనయందలి విశేషము.

దేశము తన తోళ్లను సగము పదును చేసి తక్కువ ధరకు విదేశముల కమ్ముకొని, అచ్చట తయారైన చెప్పులను, సంచులను మెచ్చుకొనుట ఆయనకు సమ్మతము కాలేదు. తోలు ఇచ్చటనే పూర్తిగా తయారై, వస్తువై, ఓడ యెక్కవలెననియు, అపుడే పనియు కూలియు మనవారికి మిగులుననియు ఆయన మతము. 1970 దశకమున ప్రభుత్వము పచ్చితోళ్ల ఎగుమతిని ఆపి, సగము తయారైన వాని ఎగుమతిని కట్టడి చేయ నారంభించిన పిమ్మట దేశపు తోళ్ల వాణిజ్యపు స్వరూపము మారిపోయెను. ఈ వృద్ధితోపాటు తోళ్ల కర్మాగారముల మురికినీరు ఏరులను, బావులను చెఱచుటయు హెచ్చెననుట సత్యము. ఆ చిక్కును తీర్చుటయు నేడు శాస్త్రజ్ఞుల బాధ్యతయే.

1971 లో భారతప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదము నిచ్చెను. ఆ యేడే ఆయన శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలికి డైరెక్టరు జనరలై, దేశమందలి ప్రయోగశాలల సమూహమునకు అధిపతియైరి. 1977 వఱకు ఆ భారము వహించిరి. అంతటి పదవిలో నుండియు ఆయన తలంపు పల్లెలను విడువలేదు. తెలంగాణములోని కరీంనగరము జిల్లాను ఎన్నుకొని, ప్రయోగశాలలందు తెలిసిన విషయములను గ్రామముల యవసరములకు వినియోగించు ప్రయత్నమును చేయించిరి. పిమ్మట 1981, 1982 సంవత్సరములలో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా నుండిరి. బీదదేశములకు తగిన పరిశ్రమలను గూర్చి అంతర్జాతీయ సంస్థలు ఆయన సలహాను కోరుచుండెను.

అట్టి పనులమీద తిరుగుచుండిన ఆయన 1985 జూను మాసమున కెనడానుండి స్వదేశమునకు బయలుదేరిరి. ఆయన యెక్కిన కనిష్క యను ఎయిర్ ఇండియా విమానము జూను 23 వ తేదీన, ఐర్లండు దేశపు తీరమునకు సమీపమున, అట్లాంటికు సముద్రముపై పోవుచుండగా, దుర్మార్గులు దానిలో పెట్టిన బాంబు ప్రేలెను. అందున్న 329 మందియు మరణించిరి. నాయుడమ్మగారికి అప్పటికి అరువది రెండేండ్లు. ఆ వార్త విని మదరాసు పరిశోధనాలయమున పండితులును, సామాన్య పనివారును సమముగా దుఃఖించిరి.

బాలబాలికలారా, ఈ చరితమున మీరు చేతితో చేసి చూడదగిన భాగ మొకటి కలదు. అంగడిలో దొరకు జెలటినును కొంచెము గోరువెచ్చని నీటిలో కరగించి, రెండు పళ్లెములలో పలుచగా పోయుడు. ఒకదానిని మార్గశిర పుష్యమాసముల చలిలో నీడను ఆరనిండు. రెండవదానిని, ఉపాధ్యాయుని సమక్షమున, వేడినీటి పాత్రపై నుంచి ద్రవముగా నుండగనే ఆరనిండు. ఎండిన పిమ్మట రెండు పొరలను విరిచి చూడుడు. ఒక్కొక్క ముక్కను చల్లని నీటిలో వేసి చూడుడు. చలిలో ఆరినది ఉబ్బియు నిలుచును. వేడిలో ఆరినది విరివిగా ఉబ్బి, కరగి చెదరబోవును. కంటికి ఒకటిగా కనబడు రెండు పొరలలో ఎంత భేదము దాగియున్నదో అపుడు తెలియును.

ఆ భేదమును ప్రయోగశాలకంటె ముందే చేతితో కనుగొనినవారు మన యూరి చివర లందలయొద్ద నుండిరి. వారికి చదువు దొరకలేదు. చదువుకొన్నవారికి వారి పని తెలియలేదు. ఈ రెంటి నడుమ గోడను పడగొట్టుటకు ఒక కాపుబిడ్డ తన జీవితము నంతయు వెచ్చించెను. తండ్రితాతల చేతిపని గల యింటినుండి వచ్చి నేడు రసాయనశాస్త్రమును చదువు విద్యార్థికి ఆ పని దాచుకొనదగినది కాదు. ఎవరును పుస్తకమున నేర్పలేని మొదటి పాఠము అదియే. తక్కిన విద్యార్థులు ఆ పాఠమును వారివద్ద అడిగి నేర్చుకొనుట నాయుడమ్మగారికి మనము చేయగల తగిన సన్మానము.